ల్యాప్ టైమ్ తగ్గకపోతే టైరుదే తప్పు

కృష్ణా నీళ్ల పంచాయితీ తర్వాతైనా తేల్చుకోవచ్చు. ముందుగా తేలాల్సింది హైదరాబాదులో ఒక పోలో కారు ఓనరు సమస్య. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్ డేకి, అంటే సొంత కారునే రేస్ ట్రాక్ మీద తోలనిచ్చే రోజుకి, వెళ్తాడు. మిగతా రోజులన్నీ ఆ కారు గచ్చిబౌలి సిగ్నళ్ల దగ్గర మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య నలుగుతూ ఉంటుంది. మరి టైర్లు దేనికి తగ్గట్టు కొనాలి? ఆ ఒకటి రెండు రోజులకే. ఇందులో రెండో మాట లేదు.

బడ్జెట్ అంటారా, ట్రాక్ టైర్లు ఇంటి లెక్కల్లో 'సేఫ్టీ' కింద రాసుకుంటారు. పిల్లలు ఎక్కే కారు అన్నాక ఎవరు మాత్రం అడ్డు చెప్తారు? అయినా ప్రభుత్వాలు పగబట్టాయి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. దేశీయ పరిశ్రమ కోసమని పైకి చెప్పారు గానీ, మనవాడి ల్యాప్ టైమ్ (ట్రాక్ మీద ఒక చుట్టుకు పట్టే సమయం) మీద జరిగిన కుట్ర అది.

ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఒక్కసారి పరుగు తీసి వెళ్లిపోయింది. ఇక దిక్కు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. ట్రాక్ చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు. అక్కడికి చేరడానికి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే, రావడానికి మళ్లీ అంతే. వేలు పోసి కొన్న మెత్తటి రబ్బరులో సింహభాగం నెల్లూరు హైవేకే నైవేద్యం. దారిలో వాన పడిందా, గాడులు తక్కువున్న సెమీ స్లిక్ ట్రాక్ టైరు కింద నుంచి నీళ్లు పోవు, కారు తేలుతుంది. అదీ ఒక అనుభవమే.

చాలా టైర్ల పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. 200 కనబడితే మనవాడు చెప్పులు విప్పి దండం పెడతాడు. ఆ అంకె వేసుకునేది తయారుచేసిన కంపెనీయే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. కాబట్టి రెండు కంపెనీల 200లు ఒకటి కావు. ఈ సంగతి మనవాడి దగ్గర ఎత్తకండి, నొచ్చుకుంటాడు.

ఇలాంటి చోట కొందరు వాతావరణం చెడగొడతారు. ఒక కుర్రాడు పాత స్విఫ్ట్‌లో వస్తాడు. మామూలు టైర్లు, అవీ సగం అరిగినవి. సెషన్‌కి ముందు టైరు అంచు మీద తెల్ల షూ పాలిష్ పూస్తాడు. రాగానే మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. అంచు దగ్గరుండే చిన్న త్రికోణం గుర్తు దాటి పాలిష్ చెరిగితే గాలి తక్కువ, గుర్తుకు బాగా పైనే ఆగితే ఎక్కువ. వేడికి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి గాలి కొలిచే గేజి పెట్టి కాస్త వదులుతాడు. కొత్త టైరులో ఎత్తుగా ఉండే రబ్బరు దిమ్మలు వేడెక్కి అటూ ఇటూ ఊగుతాయనీ, ముక్కలుగా లేచిపోతాయనీ, పొడి ట్రాక్ మీద సగం అరిగిందే మేలనీ వాదిస్తాడు. పైగా మామూలు టైరు జారేముందు కీచుమని చెప్తుందట, నేర్చుకునేవాడికి ఆ అరుపే గురువట.

ఈ ధోరణి ప్రబలితే టైరు షాపులు ఏం కావాలి? షూ పాలిష్‌కూ గేజికీ కలిపి ఖర్చు వెయ్యి దాటదు. ఇంత చవగ్గా నేర్చుకోవడాన్ని చట్టం అనుమతించకూడదు.

అతను అక్కడితోనూ ఆగడు. ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి, ప్యాడ్లు చూసుకోండి, టైర్లు తర్వాత అంటాడు. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తబడి నేలకు దిగుతుందన్నది నిజమే. కానీ ఇన్‌స్టాలో ఫ్లూయిడ్ ఫొటో ఎవడు చూస్తాడు?

నా సిఫార్సు స్పష్టం. డ్రైవరు కంటే పది మెట్లు పైనుండే టైరే కొనాలి. ఒక్క చిక్కుంది. అంత మంచి టైరు వేశాక కూడా స్విఫ్ట్ కుర్రాడు దాటి వెళ్లిపోతే ఎవర్ని అనాలి? కంగారు పడొద్దు. సస్పెన్షన్ ఇంకా కంపెనీదే కదా.