ఏప్రిల్‌లో అడిగితే పత్తి లెక్క దొరకదు

ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు అయినా, పీహెచ్‌డీ సర్వే అయినా మన దగ్గర ఎక్కువగా ఎండాకాలంలోనే జరుగుతుంది. పరీక్షలు అయిపోతాయి, పాఠాలుండవు, రైతు కూడా ఇంటి దగ్గర దొరుకుతాడు. కానీ వరంగల్ దగ్గర పరకాల వైపు పత్తి రైతు జూన్‌లో విత్తనం పెడతాడు, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూడు నాలుగు దఫాలు ఏరిస్తాడు. ఆ పత్తిని కొంత ఊళ్లోనే అమ్ముతాడు, కొంత వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాడు, సంక్రాంతికి ముందో వెనకో అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర లెక్క చూసుకుంటాడు. మే నెలలో ప్రశ్నపత్రం పట్టుకొని పోయి "నిరుడు కలుపుకు ఎంతమంది కూలీలు పట్టారు?" అని అడిగితే ఆయన మర్యాద కొద్దీ ఒక అంకె చెబుతాడు. ఆ అంకె మీద పట్టికలు, రిగ్రెషన్లు (దేని ప్రభావం ఎంతో అంచనా కట్టే గణాంక లెక్కలు), చివరికి ఒక డాక్టరేటు నిలబడతాయి.

గ్రామీణ ఆర్థికశాస్త్రాన్ని వృత్తిగా ఎంచుకునే యువతకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే. వరంగల్ పల్లెలను అర్థం చేసుకోవాలంటే ఒకే ఊరికి, అవే ఇళ్లకు, పంట నడిచే వరుసలో మళ్లీ మళ్లీ పోవాలి. ఈ వృత్తిలో ఇప్పుడున్న కొలమానాలేమో ఒక్కసారి పోయి రావడాన్నే ప్రోత్సహిస్తున్నాయి.

అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పెట్టిన 2018 నిబంధనల పట్టిక చూడండి. సామాజిక శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు, జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10, సంకలనంలో అధ్యాయానికి 5. ఇద్దరు కలిసి రాస్తే చెరి 70 శాతం. మూడేళ్లు తిరిగి కూడగట్టిన ఊరి డేటాకు మాత్రం ఆ పట్టికలో విడిగా గడి లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన పరిశోధకుడికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి కాబట్టి ఊళ్లో ఉండగలడు. అది రాని వాళ్లు గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ ఆదివారాల్లో సర్వే చేస్తారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్లుగా నిలిచిపోయాయి. 2022లో శాసనసభ ఆమోదించిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లు ఆమోదం దొరక్క ఆగింది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి, ఐదేళ్ల తర్వాత ఫలితం చూపే పనికి పూనుకోవాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో అందరం ఒప్పుకోవాలి. అందుకే ఇది పరిశోధకుల సోమరితనం అనడం అన్యాయం.

సులువైన దారి ప్రభుత్వ గణాంకాలు తీసుకొని రాయడం. అదీ ఇక్కడ అనుకున్నంత సులువు కాదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయింది. పరకాల అప్పుడు వరంగల్ రూరల్‌లోకి, 2021లో హనుమకొండలోకి పోయింది. ములుగు మొదట భూపాలపల్లిలో ఉండి 2019లో వేరే జిల్లా అయింది. చేర్యాల సిద్దిపేటలో కలిసింది, కమలాపూర్, ఎల్కతుర్తి కరీంనగర్ నుంచి ఇటు వచ్చాయి. 2015 నాటి 'వరంగల్' పత్తి విస్తీర్ణం పక్కన 2022 నాటి 'వరంగల్' అంకె పెట్టి, సాగు పడిపోయిందని తేల్చడం పచ్చి తప్పు. మండలాల వారీగా విడదీసి పాత సరిహద్దులోకి తిరిగి కూర్చాకే కాలశ్రేణి (ఏడాది వారీ అంకెల వరుస) గీయాలి. ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) 77వ రౌండ్ 2019లో తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని చెప్పింది. దేశ సగటు 50.2 శాతం. ఇది రాష్ట్రానికి చెల్లే అంకె. ఆ నమూనా నుంచి జనగామకు ఎంత, మహబూబాబాద్‌కు ఎంత అని విడగొడితే నిలవదు. పైగా ఆ అప్పు ఎవరి దగ్గర, ఏ షరతు మీద పుట్టిందో ఊళ్లో కూర్చుంటే గాని తేలదు. 1997-98లో లద్దెపురుగు పత్తిని తిన్నప్పుడు వరంగల్ రైతుల చావుల వెనక ఉన్నది పురుగు ఒక్కటే కాదు. విత్తనం, మందు అప్పుకిచ్చిన వ్యాపారే పంట కొనేవాడు కావడం కూడా ఉంది.

ఇక ఊళ్లో తప్పులు ఎక్కడ దొర్లుతాయో చూద్దాం. పాఠ్యపుస్తకాల్లో ఇవి ఉండవు.

అన్నిటికన్నా పెద్ద తప్పు నమూనా జాబితా దగ్గరే జరుగుతుంది. రైతుబంధు జాబితా చేతికి సులువుగా వస్తుందని దాంట్లోంచే 40 పేర్లు ఏరుకుంటారు. 2018లో మొదలైన ఆ పథకం (ఇప్పుడు రైతు భరోసా) పట్టాదారుకు తప్ప కౌలుదారుకు రూపాయి ఇవ్వలేదు. ఆ జాబితాలో హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉండే పట్టాదారులుంటారు, వాళ్ల చేను దున్నే మనిషి ఉండడు. అంటే పరిశోధన మొదలుకాకముందే అత్యంత కష్టంలో ఉన్న రైతు అందులోంచి జారిపోయాడు. గడప గడపకూ తిరిగి, ఎవరు ఏం సాగు చేస్తున్నారో రాసుకొని, ఆ తర్వాతే నమూనా తీయాలి. మూడు వందల గడపల ఊరికి నలుగురు విద్యార్థులుంటే రెండు మూడు రోజుల పని.

ఏటూరునాగారం, మంగపేట ఏజెన్సీ ఊళ్లలో "కౌలుకు ఇచ్చారా?" అని సూటిగా అడగకూడదు. 1/70 చట్టం (ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం) ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు కాబట్టి జవాబు ఎప్పుడూ "లేదు" అనే వస్తుంది. ఒక్కో చెలక పేరు చెప్పి "ఇది ఈ ఏడు ఎవరు దున్నారు? పంట ఎవరింటికి పోయింది?" అని అడగాలి. ఆ జవాబు రాసిన కాగితం మీద పేరు ఉండకూడదు. ఆ మనిషికి మన వల్ల ఆపద రాకూడదు కదా.

మిత్తి (వడ్డీ) దగ్గర జరిగే పొరపాటు ఇంకా దారుణం. "రెండు రూపాయల మిత్తి" అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. కంప్యూటర్‌లో అది '2' అని ఎక్కుతుంది. ఎంత తేడా వస్తుందో చూడటానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఎకరాకు 8 క్వింటాళ్ల పత్తి, 2024-25 మద్దతు ధర 7,521 చొప్పున 60,168 రూపాయలు. మిత్తి కాక చేతి నుంచి పోయిన ఖర్చు 32,000, కౌలు 15,000. సొంత భూమి రైతుకు 28,168 మిగిలితే కౌలుదారుకు 13,168 మిగులుతుంది. ఆయన 40,000 రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఎనిమిది నెలలకు తీర్చితే 6,400 పోతుంది, చేతిలో 6,768. ఏడాదికి 2 శాతం అని తప్పుగా ఎక్కిస్తే మిత్తి 533 రూపాయలే కనిపిస్తుంది. ఇంటిల్లిపాది చేసిన పనికి ఇంకా విలువ కట్టనే లేదు. ఏ2 (చేతి నుంచి పోయిన ఖర్చు), సీ2 (ఇంటివాళ్ల పని, సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మిత్తి కూడా కలిపిన ఖర్చు) తేడా తరగతిలో నిర్వచనంగా వల్లె వేయించే బదులు ఇలాంటి ఒక్క ఎకరం లెక్క చేయిస్తే విద్యార్థి జన్మలో మరిచిపోడు.

కొలతలూ అంతే. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, డీఏపీ బస్తా ఇప్పటికీ 50. వడ్లు "ఎకరానికి 30 బస్తాలు" అన్నప్పుడు 75 కిలోల బస్తా అయితే 22.5 క్వింటాళ్లు, కొనుగోలు కేంద్రం 40 కిలోల బస్తా అయితే 12. ఏ బస్తానో అడగని సర్వేలో దిగుబడి అంకెను నమ్మలేం. పత్తికి తేమ కోత, తరుగు పోను చేతికొచ్చిన ధర రాయాలి. సీసీఐ (భారత పత్తి సంస్థ) 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, ఆపైన శాతానికింత కోస్తుంది, 12 దాటితే కొనదు. ప్రశ్నపత్రంలో ఖరీఫ్, రబీ అని కాక వానాకాలం, యాసంగి అని, దినసరి కూలి అని కాక కైకిలి అని ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. కలుపు తీసింది, పత్తి ఏరింది వాళ్లయితే రోజుల లెక్క మగవాళ్లకు ఎలా తెలుస్తుంది?

దీనికి దారి ఉంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లలో, ఊరికి 40 ఇళ్ల చొప్పున ఇలాంటి సర్వే మొదలుపెట్టింది. అందులో 30 సాగు చేసేవాళ్లవి, 10 కూలీలవి. పరిశీలకులు ఆ ఊళ్లలోనే ఉండేవారు. మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు ఆ డేటాతోనే ప్రపంచ పరిశోధకులకు పరిచయం అయ్యాయి. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న మన ప్రాంతానికి అలాంటి సొంత ఊళ్ల వరుస ఒకటి కావాలి. అక్కంపేటలో పుట్టి, ఆర్థికశాస్త్రం చదివి, ఆ విశ్వవిద్యాలయానికి వీసీ అయిన జయశంకర్ సారు నడిచిన నేల ఇది. నాలుగు ఊళ్లు చాలు. పరకాల వైపు ఒక పత్తి ఊరు, పాకాల ఆయకట్టులో ఒకటి, జనగామ మెట్టలో ఒకటి, ములుగు ఏజెన్సీలో ఒకటి. 160 ఇళ్లు, ఏడాదికి నాలుగు సార్లు, మొత్తం 640 ఇంటర్వ్యూలు. ఒక విద్యార్థి రోజుకు రెండు మాత్రమే బాగా చేయగలడు. ఇరవై మంది తరగతికి తలా 16 రోజులు, దఫాకు నాలుగు రోజులు. ఎంఏ ప్రాజెక్టు బదులు దీన్నే లెక్కలోకి తీసుకుంటే అదనపు భారం పెద్దగా ఉండదు. ప్రయాణం, తిండి ఖర్చు విశ్వవిద్యాలయం భరించాలి, పిల్లల జేబుల మీద వేయకూడదు.

దఫాలు జూన్ చివర, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి. డిసెంబర్‌ది పరీక్షలకు అడ్డొస్తుంది. ఆ నాలుగు రోజులు అకడమిక్ క్యాలెండర్‌లో ముందే కేటాయించాలి, ఎందుకంటే అప్పుల లెక్క తేలేది ఆ తర్వాతి వారాల్లోనే, అంతకు ముందే బాకీ రాసుకోవాలి. రెండో ఏడు ఆ ఇంటికి పోయే విద్యార్థి చేతిలో నిరుటి పత్రం ఉండాలి. అందులో తీరకుండా మిగిలిన బాకీ గురించే మొదట అడగాలి.