ఫ్రిజ్‌లో బల్బు పెట్టేస్తే పనైపోతుందా?

చలి మొదలవగానే ఒక మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది. ఇక్కడ అమెరికాలో ఇంట్లో బీరు తయారు చేసుకునే మనవాళ్ల గ్రూపుల్లో ఈ నెలే నాకు నాలుగుసార్లు వచ్చింది. సారాంశం ఇది: "గ్యారేజీలో పాత ఫ్రిజ్ ఉందా? అదే మీ ఫర్మెంటేషన్ పెట్టె (బీరు పులిసేటప్పుడు వేడి నిలకడగా ఉంచేది). లోపల 60 వాట్ల బల్బో, చిన్న రూమ్ హీటరో పెట్టి కంట్రోలర్‌కి (వేడిని చూసి కరెంటు ఆన్, ఆఫ్ చేసేది) తగిలించండి. వేడి చాలగానే అదే ఆపేస్తుంది, భయం లేదు. వెలుతురు బీరుని ఏమీ చెయ్యదు. వైరుకి పక్కన చిన్న కన్నం పెట్టుకోండి, అంతే."

ఇందులో మొదటి మాటతో నాకు పేచీ లేదు. పాత ఫ్రిజ్ కంటే మంచి పెట్టె దొరకదు. గోడల్లో వేడిని ఆపే నురుగు (ఫోమ్) ఉంటుంది, తలుపు బిగుతుగా పడుతుంది. మిగతావన్నీ ఒక్కొక్కటిగా చూడాల్సిందే.

అన్నట్టు, మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా సారా కాస్తున్నావా?" అని అడుగుతారు. కాయడం వేరు, పులియబెట్టడం వేరు నాన్నా అంటే నవ్వుతారు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇక్కడ సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేస్తే నేరం. అందుకని ఇది ఇక్కడి గ్యారేజీల సంగతి మాత్రమే.

ముందు రూమ్ హీటర్ సంగతి. మామూలు హీటర్ 1500 వాట్లు. దాని పుస్తకంలోనే చుట్టూ మూడడుగులు ఖాళీ ఉంచమని రాసి ఉంటుంది. ఫ్రిజ్ లోపలి వెడల్పే రెండడుగులు! సరే, లెక్క చూద్దాం. ఫ్రిజ్‌లో మూడు నాలుగు వందల లీటర్ల గాలి ఉంటుంది, అంటే అర కిలో కూడా తూగదు. దాని మీద 1500 వాట్లు పడితే కాగితం మీద సెకనుకి మూడు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. గోడలు కొంత లాక్కుంటాయి కాబట్టి నిజంగా అంత వేగం ఉండదు గానీ, దిశ అర్థమవుతుంది కదా. అదే సమయంలో పక్కనున్న 19 లీటర్ల బీరు ఎంత కదులుతుంది? మొత్తం వేడి నేరుగా బీరులోకే పోయినా ఒక్క డిగ్రీ పెరగడానికి దాదాపు నిమిషం. గాలి ద్వారా వెళ్లాలంటే ఇంకా చాలా ఆలస్యం. కంట్రోలర్ చూసేది బీరు వేడిని. "ఇంకా చల్లగానే ఉంది, కానివ్వు" అంటూనే ఉంటుంది. ఫ్రిజ్ లోపలి ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. దాని వెనక ఉన్న పాలీయూరిథేన్ నురుగు అంటుకుంటే వచ్చే పొగ విషం.

ఇప్పుడు అసలు ధీమా: "కంట్రోలరే ఆపేస్తుంది." నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేసే వాక్యం ఇదే. కంట్రోలర్ లోపల ఉండేది ఒక చిన్న రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి. బాగా అమ్ముడయ్యే వాటిలో చాలావాటి మీద 10 ఆంపియర్లు, 1100 వాట్లు అని రాసి ఉంటుంది. 1500 వాట్ల హీటర్ 120 వోల్టుల దగ్గర పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అంతంత కరెంటుతో పదే పదే ఆన్, ఆఫ్ అవుతుంటే రిలే కాంటాక్టులు ఒకరోజు అతుక్కుపోతాయి. స్క్రీన్ మీద "ఆఫ్" అనే కనిపిస్తుంది, హీటర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

రిలే దాకా ఎందుకు, ప్రోబ్ (కంట్రోలర్‌కి వేడి ఎంతో చెప్పే వైరు కొన) ఊడిపోతే చాలు. ఒక జనవరి రాత్రి నాకు అదే జరిగింది. బీరు డబ్బాకి టేపుతో అంటించిన ప్రోబ్ తేమకి జారి, తలుపు సందులోంచి బయటికొచ్చి గ్యారేజీ నేల మీద పడింది. అక్కడ సున్నా డిగ్రీలు. పాపం కంట్రోలర్ తన పని తాను బుద్ధిగా చేసింది: చల్లగా ఉంది కాబట్టి తెల్లవార్లూ వేడి పెట్టింది. లోపలున్నది 40 వాట్ల హీట్ మ్యాట్ (వేడెక్కే పలచటి షీటు) కాబట్టి బతికిపోయాను. అప్పటినుంచి ఏ హీటర్ చూసినా అడిగేది ఒక్కటే: ఇది ఎప్పటికీ ఆగకపోతే ఏమవుతుంది?

ఆ ప్రశ్నకి జీఎఫ్‌సీఐ ప్లగ్గు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) కూడా జవాబు కాదు. తేమలో షాకు కొట్టకుండా అది కాపాడుతుంది, తప్పకుండా ఉండాల్సిందే. కానీ వేడెక్కిపోయిన హీటర్ దానికి మామూలు హీటరే.

ఇక బల్బు. మొదట, ఏ బల్బు? 2023 ఆగస్టు నుంచి ఇక్కడ మామూలు ఫిలమెంట్ బల్బులు అమ్మడం ఆగిపోయింది. డబ్బా మీద పెద్దక్షరాల్లో 60 అని చూసి కొంటే, అది 60 వాట్ల వెలుతురిచ్చే ఎల్ఈడీ. లాగేది తొమ్మిదీ పది వాట్లు. ఒకాయన అది పెట్టి, "బల్బు వెలుగుతోంది, బీరు మాత్రం కదలట్లేదు, ఈస్టు చచ్చిపోయిందా?" అని అడిగారు. అట్టు పిండిని ఓవెన్‌లో పెట్టి లైటు వేసి పులియబెట్టే మన అలవాటు కూడా పాత ఓవెన్ బల్బు వేడి మీద ఆధారపడిందే. (పిండి లోపలుందని మరచి ఓవెన్ వేసేసిన ఇళ్లు ఎన్నో, ప్లాస్టిక్ గిన్నెతో సహా.)

ఎక్కడో పాత ఫిలమెంట్ బల్బు దొరికిందే అనుకోండి. దాని గాజు 100 డిగ్రీలు దాటుతుంది. బల్బు పక్కకి ఒరిగినా, టవల్ తగిలినా ఇబ్బందే. "పెయింటు డబ్బాలో పెడితే సరి" అంటారు తెలిసినవాళ్లు. కొత్త ఖాళీ డబ్బాలో, సరైన సిరామిక్ హోల్డరుతో, ఎర్త్ కలిపి చేస్తే కొంత నయం, కాదనను. వెలుతురు కూడా ఆగుతుంది. కాకపోతే ఫిలమెంట్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. పోయిన సంగతి మర్నాడు చల్లబడిన బీరే చెప్పాలి.

"వెలుతురు బీరుని ఏమీ చెయ్యదు" అన్నది మాత్రం పచ్చి అబద్ధం. హాప్స్‌లోని (బీరులో వేసే ఒక మొక్క పువ్వులు) చేదు పదార్థాలు నీలి, అతినీల కాంతి తగిలితే విరిగి, గంధకమున్న ఒక రసాయనం పుడుతుంది. స్కంక్ (కంపు చిమ్మే ఒక జంతువు) వాసన అంటారే, అది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. బీరు సీసాలకి గోధుమ రంగు ఎందుకంటారు? స్టీలు డబ్బాలో పులియబెట్టేవాళ్లకి ఈ బెడద లేదు, గాజు బుడ్డివాళ్లకి ఉంది.

కన్నం సంగతి చాలామంది పట్టించుకోరు. ఫ్రిజ్ పక్క గోడల్లో చల్లబరిచే గ్యాసు గొట్టాలు పోతుంటాయి, బయటికి కనపడవు. పాతవాటిలో ఆర్134ఏ అనే మండని గ్యాసు ఉంటే, గొట్టం తెగితే ఫ్రిజ్ పోతుంది, అంతే. కొత్తవాటిలో చాలావరకు ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాసు. దాని పక్కనే హీటరు. ఏ గ్యాసో లోపలి లేబుల్ మీదే రాసి ఉంటుంది. నేనైతే కన్నం పెట్టను. సన్నటి వైరు తలుపు రబ్బరు కిందనుంచే పోతుంది.

మెసేజ్‌లో లేనిది ఒకటి. మొదటి మూడు రోజులు ఈస్టే వేడి పుట్టిస్తుంది. పెట్టె గాలి కంటే బీరు మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. ఏల్ (ఒక రకం బీరు) ఈస్టుకి 18 నుంచి 20 డిగ్రీలు కావాలని గాలిని 20కి పెడితే, లోపల 24 అయి, ఘాటు స్పిరిటు వాసన వస్తుంది. ప్రోబ్‌ని డబ్బాకి అంటించి, పైన నురుగు ముక్క వేసి, బెల్టుతో బిగించాలి. టేపుని నమ్మకండి, నా గతే పడుతుంది.

మరి నేనేం వాడుతున్నాను? నారు మొలకెత్తించే 20 వాట్ల హీట్ మ్యాట్లు రెండు, డబ్బా చుట్టూ. మొత్తం 40 వాట్లు. బీరు ఒక డిగ్రీ పెరగడానికి అరగంట పైనే పడుతుంది. ఈస్టుకి తొందరేం లేదు.

కొత్తగా పెట్టేముందు, అసలు ఆగకపోతే ఏమవుతుందో చూద్దామని ఒక ఆదివారం ఆ మ్యాట్లని కంట్రోలర్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి, ఫ్రిజ్ తలుపేసి, లోపల థర్మామీటర్ ఉంచి పక్కనే కూర్చున్నాను. గ్యారేజీలో 2 డిగ్రీలు. సాయంత్రానికి లోపల 31 దగ్గర ఆగింది, ఆపైన కదల్లేదు. ఆ వేడికి బీరు పాడవుతుంది, పారబోస్తాను.