పంపర పనస గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ పంపర పనస గారికి,

కోనసీమ దొడ్లలో కొమ్మ వంచుకుని తలకాయంత వేలాడే తమరికి నమస్కారాలు. పాలవెల్లికి కట్టినప్పుడు తమరి బరువుకి దారం తెగినా మేం కిక్కురుమనలేదు. పేచీ అంతా పాలవెల్లి దించాకే. మందపాటి తొక్క ఒలిచి, తొనల మీద తెల్లపొర చీల్చి, ఉప్పూ కారం అద్ది పళ్లెంలో పెడతారు. పెద్దాయన అరకాయ లాగించి, రాత్రికి కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ బిళ్ల మింగుతారు. "పండే కదండీ, ఏం చేస్తుంది?" అని తమరి తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి పక్కింటావిడ ఎప్పుడూ సిద్ధం.

ఏం చేస్తారో తమరికి తెలియనిదా! పేగు గోడలో సీవైపీ3ఏ4 అని ఓ ఎంజైమ్ ఉంటుంది. మింగిన మందులో చాలా భాగం రక్తంలోకి చేరకముందే అక్కడ విరిగిపోతుంది. ఆ తరుగు పోను మిగిలేది ఎంతో లెక్క చూసుకునే డోసు కట్టారు. తమరిలోని ఫ్యూరానోకూమరిన్లు అనే పదార్థాలు వెళ్లి ఆ ఎంజైమ్‌ని ఇక లేవకుండా పడగొడతాయి. పేగు కొత్తది తయారు చేసుకోవాలంటే ఒకటి నుంచి మూడు రోజులు. అందుకే "పొద్దున్న పండు, రాత్రి బిళ్ల" అనే రాజీ చెల్లదు. అట్ట మీద 20 మిల్లీగ్రాములనే ఉంటుంది, ఒంట్లో మాత్రం అంతకు మించిన డోసు తిరుగుతుంటుంది. తొడలు, భుజాలు పీకుతాయి. ఆయన దాన్ని వయసు మీదకు తోసేస్తారు. మూత్రం డికాషన్ రంగులో వచ్చిందంటే మాత్రం కండరం కరుగుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి రక్తంలో సీకే (కండరం దెబ్బ తెలిపేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) చూపించుకోవాలి.

ఇంత చేసీ తమరి పేరు బయటికి రాదు, అదీ తమరి లౌక్యం. తమరికీ తీపి నారింజకీ బార్బడోస్‌లో పుట్టిన సంతానం గ్రేప్‌ఫ్రూట్. 1989లో కెనడా వాళ్లు ఫెలోడిపిన్ అనే బీపీ మందుతో మద్యాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకూడదని ఆ పండు రసం కలిపారు. తీరా చూస్తే మందు మోతాదు రక్తంలో ఎగబాకింది, దొరికింది రసం. అప్పటినుంచి హెచ్చరికల్లో బిడ్డ పేరే. ఆ బిడ్డని గోదావరి గట్టున ఎవరూ చూడలేదు కాబట్టి అమ్మగారు నిశ్చింతగా పళ్లెంలోకి వస్తున్నారు.

అందరితోనూ తమరికి పేచీ లేదనేది ఒప్పుకుంటాం. కొలెస్ట్రాల్ మందుల్లోనే రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్ వాడేవాళ్లు తొనలు తినొచ్చు. అటోర్వాస్టాటిన్ వాళ్లకి ఎప్పుడో రెండు తొనలైతే కొంప మునగదు, రోజూ కాయ చొప్పున కూడదు. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వాళ్లు తమరికి దూరం నుంచే దండం పెట్టాలి. కాయకీ కాయకీ ఆ ఫ్యూరానోకూమరిన్ల మోతాదు మారుతుంది, చేదో తీపో చూసి కనిపెట్టలేం.

రోసువాస్టాటిన్ వాళ్లూ మరీ మురిసిపోనక్కర్లేదు. ఉండ్రాళ్లూ పులిహోరా దట్టించాక గుండెల్లో మంటని గ్యాస్ సిరప్ తాగుతారే, అందులోని అల్యూమినియం, మెగ్నీషియం బిళ్లతో పాటే కడుపులో పడితే మందు సగమే ఒంటికి పడుతుంది. ముందు బిళ్ల, రెండు గంటల తర్వాత సిరప్.

ఇంకో రకం మహానుభావులున్నారు. తమరిని మానమంటే బిళ్ల మానేస్తారు! కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ మళ్లీ పాత అంకెకి చేరుతుంది. తమరి మీద అంత మోజున్నవాళ్లు డాక్టరు గారితో ఆ మాటే చెప్పి మందు మార్పించుకోవచ్చు. అందాకా తమరు రోసువాస్టాటిన్ వాడే ఇంటివైపే కొమ్మ వంచుకోవాలని ప్రార్థన.

ఇట్లు,
మందుల కొట్టు కౌంటరు వెనకాల నిలబడేవాళ్లు