మహారాజశ్రీ సిడ్నీ తారు చెరువు గారి సముఖానికి

భూగర్భజలం పరీక్షించే బోర్లలో తమరి నాడి చూసేవాళ్లం చేసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం ల్యాబు రిపోర్టు వస్తే గానీ తెలియదు కనుక, అలవాటుగా రాసే ‘ఉభయ కుశలోపరి’ని ఈసారికి వాయిదా వేశాం.

చదివేవాళ్లు ఆస్ట్రేలియా వైపు చూడకుండా తమరి చిరునామా ముందే చెప్పేస్తాం. కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రం, కేప్ బ్రెటన్ దీవి, సిడ్నీ ఊరు, మగ్గా క్రీక్ అనే వాగు సముద్రంలో కలిసే చోటు. 1901లో అక్కడ ఉక్కు తయారీ మొదలైంది. కోక్ బట్టీలు 1988 దాకా నడిచాయి. విశాఖ ఉక్కులో కోక్ ఓవెన్ల వైపు డ్యూటీ చేసినవాళ్లకు ఈ వంశవృక్షం కొత్తేమీ కాదు. గాలి తగలకుండా బొగ్గును కాలిస్తే కోక్‌తో పాటు తారు, బెంజీను, నాఫ్తలీను, అమ్మోనియా పుడతాయి. పట్టి అమ్ముకుంటే సరుకు. వాగులోకి వదిలేస్తే తమరు.

అలా వదలగా వదలగా తమరు సుమారు 7 లక్షల టన్నుల బురదగా ఎదిగారు. ఒంటినిండా పీఏహెచ్‌లు (బొగ్గు తారులో ఉండే విష రసాయనాలు), భార లోహాలు, ఆ పైన 3.8 టన్నుల పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన విష రసాయనాలు). హార్బరులోని లాబ్‌స్టర్లకు కూడా తమరి ప్రసాదం అందిందని తేలాక, 1982లో దక్షిణ పాయలో వాటి వేట మూసేశారు. ఫ్యాక్టరీ జీతాలిచ్చినంత కాలం తమరి వాసన ఎవరికీ తగలలేదు. జీతాల వాసన ముందు తారు వాసన ఎంత!

తమరికి జరిగిన మర్యాదలు తలుచుకుంటే మాకు అసూయ పుడుతుంది. 1986లో కేంద్రమూ రాష్ట్రమూ ఒప్పందం చేసుకుని తమరిని తోడి, గొట్టంలో పంపి, బట్టీలో దహనం చేస్తామన్నాయి. బట్టీ కట్టారు, గొట్టం వేశారు. తమరు కదల్లేదు. కాగితం మీద తమరు పంపుకు లొంగే ద్రవం. గొట్టంలోకి దిగాక అడ్డం తిరిగిన మడ్డి. తారు బురద గుణమే అంత. చలికి చిక్కబడుతుంది. బొగ్గు పొడి, స్లాగు (కొలిమిలో మిగిలే చిట్టెం) ముక్కలు, కర్రలు, ఇనుప తుక్కు ఎక్కడ ఎంత ఉన్నాయో నాలుగు చోట్ల తీసిన నమూనాలు చెప్పవు. పంపు ఎన్నుకునేది సగటు చిక్కదనం చూసి. ఆ పంపు ఆగిపోయేది అన్నిటికన్నా చిక్కనిది తగిలినప్పుడు. ఈ తేడా టెండరు కాగితాల్లో ఇమడదు, వాల్వు దగ్గర నిలబడ్డ ఫిట్టరుకు మాత్రం మొదటి పూటే అర్థమవుతుంది.

అది చాలనట్టు, తమరు దాచిన పీసీబీలు అనుకోని చోట్ల బయటపడ్డాయి. కెనడా లెక్కలో పీసీబీలు 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) దాటితే అది మామూలు చెత్త కాదు, దాన్ని కాల్చే పద్ధతే వేరు. కట్టిన బట్టీ అందుకు కట్టింది కాదు. కోట్ల డాలర్లు మింగి, తొంభైల నడుమ ఆ పథకం కన్నుమూసింది. 1996లో రాష్ట్రం తేలిక దారి పట్టింది. స్లాగు పోసి పూడ్చేద్దామంది. ఉక్కు ఫ్యాక్టరీ వదిలిన ఒక చెత్తను అదే ఫ్యాక్టరీ వదిలిన ఇంకో చెత్తతో కప్పడమన్నమాట. పొదుపు విషయంలో ఇంతకన్నా ఎవరాలోచిస్తారు? మళ్లీ తవ్వి చూస్తే మళ్లీ పీసీబీలు. ఆ పథకమూ పోయింది. ఆ తర్వాత కమిటీల కాలం. ఆ కాలంలో ఎన్ని సమావేశాలు జరిగాయో తమరికే తెలియాలి, తమరు ఎక్కడికీ పోలేదు కదా. పక్కనే ఫ్రెడరిక్ వీధిలో ఇళ్లలోకి ఆర్సెనిక్ ఉన్న ఊట రావడంతో 1999లో కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లు వెళ్లారు, తమరు ఉన్నారు.

2004లో 40 కోట్ల డాలర్లు ప్రకటించారు. కేంద్రం వాటా 28 కోట్లు, రాష్ట్రం వాటా 12 కోట్లు. అందులోనూ పీసీబీల భాగాన్ని కాల్చాలనే ఉంది. 2006లో సమీక్షా సంఘం నివేదిక ఇచ్చింది, 2007 జనవరిలో కాల్చుడు మానేసి మొత్తాన్నీ సిమెంటుతో గట్టిపరిచి కప్పాలని తేల్చారు. ఇరవై ఏళ్లు తిరిగి తిరిగి చేరిన చోటు అది. తమరిని తీసేయలేం, కాబట్టి తమరు కదలకుండా చూద్దాం.

ఇక్కడ పని తెలిసినవాళ్లుగా ఒక మాట. సిమెంటు తమరిని మార్చదు. ఎక్స్‌కవేటరు బకెట్టుతో ఉన్నచోటే సిమెంటు కలుపుతారు, పట్టు కుదిరాక నమూనా తీసి బలం, నీరు పారే గుణం, నీటిలోకి ఏం వదులుతోందో చూస్తారు. 28 రోజుల పరీక్ష మామూలు. నూనె ఎక్కువున్న చోట తారు సిమెంటు గింజల చుట్టూ పూతలా పట్టి నీళ్లు తగలనివ్వదు, కనుక పట్టు రాదు. పొడి పెంచాలి, మళ్లీ కలపాలి. కలుపుతుంటే వేడికి నాఫ్తలీను, బెంజీను ఆవిర్లు లేస్తాయి, అందుకని కంచె పొడవునా గాలిని పరీక్షించే యంత్రాలు పెట్టాలి, అంకె దాటితే పని ఆపాలి. సిమెంటు తెచ్చే క్షార గుణం చాలా లోహాలను కట్టేస్తుంది. కానీ పీహెచ్ మరీ పైకి పోతే సీసం, జింకు లాంటివి తిరిగి కరగడం మొదలెడతాయి. పీఏహెచ్‌లు సిమెంటుతో రసాయన బంధం ఏమీ పెట్టుకోవు. గదిలో పెట్టి గడియ వేసినట్టు లోపల చిక్కుకుని ఉంటాయంతే. గడియ ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ఇక అసలు ప్రశ్న. రిబ్బను కోసే రోజున ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగరు.

2013 ఆగస్టులో తమరి నెత్తిన పార్కు తెరిచారు. పచ్చిక, నడక దారులు, ఆటస్థలం. పేరు ఓపెన్ హార్త్ పార్కు. తమరిని కన్న ఫ్యాక్టరీలోని పాత కొలిమి పేరే.

అక్కడి నుంచి మా డ్యూటీ. ఆ 40 కోట్ల డాలర్ల ఒప్పందంలో 25 ఏళ్ల పర్యవేక్షణ, నిర్వహణ ఉన్నాయి. వినడానికి గంభీరంగా ఉంటుంది. దగ్గరికొచ్చి చూస్తే అదంతా రెండంగుళాల పీవీసీ గొట్టాల మీద నడిచే సంగతి. గొట్టం అడుగున సన్నటి చీలికలున్న జల్లెడ భాగం, దాని చుట్టూ ఇసుక, పైన బెంటొనైట్ బంకమట్టి బిరడా, నేలమట్టాన కాంక్రీటు దిమ్మ, ఇనుప తొడుగు, తాళం. బెంటొనైట్ సరిగ్గా ఉబ్బకపోతే పైన కురిసిన వాననీళ్లు గొట్టం వెంటే దిగి, నమూనాలో తమరు కడిగిన ముత్యంలా కనిపిస్తారు. బిరడా పైన పోసిన సిమెంటు జల్లెడలోకి జారితే పీహెచ్ 11 దాటుతుంది. అప్పుడు అది బోరు జబ్బా తమరి జబ్బా అని ఏడాదిపాటు ఉత్తరాలు నడుస్తాయి. చలిదేశం కనుక నేల గడ్డకట్టి దిమ్మను పైకి నెడుతుంది. గొట్టం అంచు ఎత్తు మళ్లీ సర్వే చేయకపోతే నీటిమట్టం లెక్కలన్నీ ఆ మేరకు తప్పు. మట్టాల తేడా కొద్ది సెంటీమీటర్లే ఉండే తీరప్రాంతంలో ఆ తప్పు చాలు, తమరు సముద్రం వైపు కాక ఊరివైపు పారుతున్నట్టు మ్యాపు మీద బాణాలు తిరగడానికి. ఆటుపోట్లు సరేసరి. పోటు మీద కొలిచిన బోరునూ ఆటు మీద కొలిచిన బోరునూ ఒకే మ్యాపులో కలిపితే వచ్చేది భూగర్భజల చిత్రం కాదు, ఉద్యోగుల భోజనాల వేళల చిత్రం.

నమూనా తీయడం ఇంకో తపస్సు. బకెట్టు లాంటి బెయిలరు దించి గబగబా తోడితే అడుగు మడ్డి లేస్తుంది, ఆ మట్టిరేణువులకు పీఏహెచ్‌లు అంటుకుని ఉంటాయి కనుక అంకె ఆకాశానికెళుతుంది. అందుకే నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లు మించకుండా నెమ్మదిగా పంపు చేయాలి, నీటిమట్టం పది సెంటీమీటర్ల కన్నా పడకూడదు. మూడు నాలుగు నిమిషాలకోసారి రాస్తూ పోవాలి. వరుసగా మూడు సార్లు పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు కదిలితే, మసక తగ్గితే, అప్పుడు సీసా మూత తీయాలి. మంచులో నిలబడ్డవాడు మూడో రీడింగు దగ్గర వేదాంతి అవుతాడు. రెండో అంకెనే కొంచెం దిద్ది మూడోదిగా రాసిన ఫారాలు ఏ ఆఫీసులో వెతికినా దొరుకుతాయి, దశాంశాలు మరీ అందంగా ఉంటాయి కనుక గుర్తుపట్టడం కష్టం కాదు. బెంజీనుకు 40 మిల్లీలీటర్ల చిన్న సీసా, లోపల గాలిబుడగ ఉండకూడదు. పీఏహెచ్‌లకు గోధుమరంగు గాజుసీసా. లోహాలకు నైట్రిక్ ఆమ్లం. సయనైడుకు క్షారం. ఆమ్లం పోయాల్సిన సీసా, క్షారం పోయాల్సిన సీసా మారాయా, ఆ సీజను పోయినట్టే.

తమరిలో ఒక భాగం నీళ్లకన్నా బరువు. అది అడుగుకు దిగి, బంకమట్టి పొర వాలు ఎటుంటే అటు జారుతుంది, నీళ్లు ఎటు పారితే దానికేం? జల్లెడ పైపొరలో పెట్టిన బోరులో తమరెన్నడూ కనబడరు. బోరు అబద్ధమాడలేదు, అడగాల్సిన చోట మనం అడగలేదు. అడుగుదాకా దిగే బోర్లు ఖరీదు, పైగా బంకమట్టిని పొడిచేస్తే తమరికి మనమే మెట్లు కట్టినట్టు. కనుక ఆ బోర్లు చాలా ప్రణాళికల్లో ‘తదుపరి దశ’లో నివసిస్తాయి.

ఇక రిపోర్టు. అందులో తమరికి బాగా నచ్చే మాట ‘కనబడలేదు’. ల్యాబు యంత్రం చూడగల కనీస అంకె ప్రమాణం కన్నా ఎక్కువైతే, కనబడలేదంటే లేదని కాదు, చూపు ఆనలేదని. దానికి విరుగుడుగా ఆ కనీస అంకెలో సగం వేసి సగటు కట్టే ఆచారం ఒకటి ఉంది. ల్యాబు మారి కనీస అంకె తగ్గగానే గ్రాఫు కిందికి దిగుతుంది, శుద్ధి ఫలిస్తోందని ఓ పేరా రాసుకోవచ్చు. తమరు అంగుళం కదలకుండానే ప్రగతి సాధించారు. ఇంకో ఉపాయం, పది బోర్ల సగటు. తొమ్మిది శుభ్రం, ఒకటి మాత్రం ఏటేటా పెరుగుతోంది. సగటులో అది ఎవరికీ కనపడదు. ప్రతి బోరుకూ విడిగా కాలక్రమ గ్రాఫు గీయమని అడిగేవాడు సమావేశంలో ఉంటే టీ చల్లారిపోతుంది.

తమరికి చిన్న సలహా కూడా ఉంది, పని మీద మమకారంతో. ఓపిక పట్టండి. ఎక్కువ హంగామా చేయకండి. నీటిమట్టం చూసే ఉద్యోగి రిటైరవుతాడు, బోరు అడుగు ఎంత లోతో రాసుకున్న నోటుపుస్తకం అతనితో పోతుంది. గడ్డి కోసే యంత్రం ఒక తొడుగును విరగ్గొడుతుంది. దాన్ని ‘ఈ విడత అందుబాటులో లేదు’ అని రాస్తారు, మరుసటి ఏడు జాబితాలోంచే తీసేస్తారు. వరుసగా అన్నీ బాగున్నాయి కనుక ఏడాదికి నాలుగుసార్లను రెండుకు, రెండును ఒకటికి తగ్గిద్దామన్న ప్రతిపాదన వస్తుంది. పార్కు చూసి ముచ్చటపడ్డ వాళ్లెవరో చెట్లు నాటుదామంటారు, వేళ్లు కప్పుపొరలోకి దిగుతాయని చెప్పేవాడు ఆ రోజు సెలవులో ఉంటాడు. ఇవన్నీ తమరి వైపు ఉన్నాయి. మా వైపు ఉన్నది తాళంచెవుల గుత్తి, కొలత టేపు, 25 ఏళ్ల బడ్జెట్టు.

ఆ 25 ఏళ్లయ్యాక ఎవరొస్తారో ఎవరూ రాయలేదు. వచ్చేవాళ్లకు ప్రతి బోరు లోతు, జల్లెడ మొదలూ చివరా, గొట్టం అంచు ఎత్తు, మొదటి నమూనా అంకెలు ఒకే పట్టికలో పెట్టి, రెండు చోట్ల దాచి ఉంచమని పైవాళ్లకు విన్నవించాం. ‘పరిశీలిస్తాం’ అన్నారు. ఆ మాట విని తమరు నవ్వుకుంటారని తెలుసు.

ఇట్లు,
తమరి బోర్ల కాపలాదారులు

తా.క. ఈ లేఖకు జవాబివ్వదలిస్తే లీటరు గోధుమరంగు గాజుసీసాలో, నాలుగు డిగ్రీల చల్లదనం చెడకుండా, వారం దాటకముందే ల్యాబుకు చేరేలా పంపగలరు. సీసా మీద బోరు నంబరు, తేదీ, వేళ, సంతకం లేకపోతే తమరి జవాబును ఎవరూ ఒప్పుకోరు.