ఒంటిచెట్టు బాదం రైతు విన్నపం

రైతులంటే నాకు మొదటినుంచీ గౌరవమే. ఈ మధ్య సాటి రైతునని చెప్పుకునే అర్హత కూడా వచ్చింది. అనంతపురంలో మా ఇంటి గేటు పక్కన ఒక బాదం చెట్టు ఉంది. విస్తీర్ణం అంటారా, ఒక స్కూటరు, సగం కారు పట్టేంత నీడ. ఒక్క చెట్టేనా అని తీసిపారేయొద్దు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కూడా ఒక్క చెట్టే. 1989లో గిన్నిస్ బుక్కెక్కింది.

పన్నెండేళ్ల కిందట నర్సరీకి పోయి బాదం మొక్క ఉందా అని అడిగాను. ఉందన్నాడు, ఇచ్చాడు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. రాత్రి నానబెట్టి పొద్దున తొక్క తీసి తినే బాదం వేరు, వాకిట్లో అంతస్తులు అంతస్తులుగా గొడుగు పట్టే నాటు బాదం వేరు అన్న సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. మొదటిదానికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేగానీ పూత సరిగా రాదు. అందుకే అది కాశ్మీర్లో, కాలిఫోర్నియాలో కాస్తుంది. అనంతపురంలో 7 డిగ్రీలు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాలి. రెండోది మన మద్దిచెట్టుకు దాయాది, సముద్రపు ఒడ్డు దాని పుట్టిల్లు. కాయ నీళ్లలో తేలుతూ పోయి ఎక్కడో ఒడ్డున మొలుస్తుందట. మా ఊళ్లో తేలడానికి నీళ్లెక్కడివి? అందుకని నర్సరీలో మొలిచింది.

ఆకు ఏడాదికి రెండుసార్లు ఎర్రబారి రాలుతుంది. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. గాలి మాత్రం ఎప్పుడూ ఎదురింటి వైపే. ఎదురింట్లో రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు.

"ఏం సార్, మీ పంటంతా మా కాలవలోనే ఉండాది" అన్నారు ఒకరోజు.

"పూర్వం ఈ ఆకులతో విస్తర్లు కుట్టేవాళ్లు కదా సార్" అని నాకు తెలిసిన వృక్షశాస్త్రం చెప్పాను. మర్నాడు మా గేటుకు ఒక సంచీడు ఆకులు, చీపురుపుల్లల కట్ట వేలాడుతున్నాయి. కుట్టుకోమని.

కోత కూలీల ఖర్చు నాకు లేదు. గబ్బిలాలు రాత్రి షిఫ్టులో వస్తాయి. పండు కోసి, పైగుజ్జు తిని, గింజను మా రేకుల షెడ్డు మీద టప్పుమని పడేస్తాయి. మొదట్లో ఎవరో రాళ్లేస్తున్నారని టార్చి తీసుకుని మేడెక్కేవాణ్ణి. ఇప్పుడు పడుకునే లెక్కపెడుతున్నాను. మా ఆవిడ మాత్రం దీన్ని నిద్ర పట్టకపోవడం అంటుంది.

అసలు పని గింజ పగలగొట్టడం. ఆదివారం పొద్దున రోటి మీద గింజను అంచుకు నిలబెట్టి, గుండ్రాయితో ఒక్కటి వేశాను. గింజ జారి తులసికోట దగ్గర తేలింది. రెండో దెబ్బకు పీచు చితికింది, మూడో దెబ్బకు పప్పు కూడా చితికింది. నాలుగోది నా బొటనవేలు. బలం తగ్గించి, తడిమి తడిమి కొడితే పెంకు నిలువునా విచ్చింది. లోపల చిటికెన వేలి సగమంత పప్పు. గోరుతో మెల్లగా విప్పితే పల్చటి తెల్లరేకులు ఒకదాన్నొకటి చుట్టుకుని బీడీలా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే కమ్మగా, అచ్చం బాదంలాగే ఉంది. ఆ ఒక్కదానికి నేను పన్నెండేళ్లు నీళ్లు పోశానని గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

రెండు గంటల్లో 31 గింజలు కొడితే సాంతం వచ్చిన పప్పులు 11. కిరాణా షాపు కాటా వీటిని గుర్తించలేదు. బంగారం అంగట్లో తూచారు, 4 గ్రాములు. ఆయన అలవాటు కొద్దీ తరుగెంత వేయమంటారని అడిగాడు.

జీడిమామిడి వేసుంటే బాగుండేదని మా బావమరిది సలహా. పచ్చి జీడిగింజ పెంకులో నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆయనోసారి ఇంట్లో పెనం మీద వేయించబోయి, వారం రోజులు మాతో రెండు చేతులూ ఎత్తి నమస్కారంతోనే మాట్లాడాడు.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం నా పంటకు గ్రాము లెక్కన మద్దతు ధర ప్రకటించాలి. క్వింటాలు లెక్కంటే మా మునిమనవడి దాకా ఆగాలి. గబ్బిలాలకు గుర్తింపు కార్డులు, నా బొటనవేలికి పంట బీమా ఇవ్వాలి. ఈ డిమాండ్లు మా పెదనాన్నకు చదివి వినిపించాను. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే సంబరపడే నేలలో యాభై ఏళ్లు చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండించిన మనిషి. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైముకు వాన రాక ఎన్నిసార్లు విత్తనం ఖర్చు కూడా రాలేదో వేళ్ల మీద చెప్పగలడు. అంతా విని, "మోడం చూసి ఏడ్చేవాళ్లను చూసినా గానీ, నెత్తిన చెట్టంత నీడ పెట్టుకుని ఏడ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. అందువల్ల అర్జీ ప్రస్తుతానికి పెండింగులో ఉంది.

మొన్న మా వీధి ఊడ్చే అవ్వ ఒక స్టీలు గిన్నె తెచ్చింది. నిండా బాదం పప్పులు, ఒక్కటి కూడా విరగలేదు. మేం తొక్కుకుంటూ తిరిగే గింజలే. ఏరుకుపోయి మిద్దె మీద నెల రోజులు ఎండబెట్టిందట. ఎండితే పెంకు సులువుగా విడుస్తుందట. పన్నెండేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"కొంటావా సార్?" అంది.

నా పంట నాకే అమ్మడమా! మాట బయటికి రాకముందే మా ఆవిడ గిన్నె అందుకుని ఎంత ఇమ్మంటావని అడిగింది.

"దుడ్లొద్దులేమ్మా. సేరు చెనిక్కాయలియ్యి. ఈ బాదాలు మా పిల్లోళ్లు తినరు."