‘మాకు ఎలాంటి సంబంధం లేదు’ కాగితానికి, సంబంధం ఉన్నవాడు రాసిన ఉత్తరం

మహారాజశ్రీ హామీపత్రం గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నీళ్ల ట్యాంకు తప్ప అందరం క్షేమం. అక్కడ చెట్లు కొట్టే మేస్త్రి చొక్కా జేబులో తమరూ క్షేమమే అని తలుస్తాను. తమరికేం కాదు లెండి.

మొన్న ఆదివారం మన పరిచయం. 2021లో ఊళ్లలో వేపచెట్లన్నీ కొసల నుంచి ఎండుకుంటూ వచ్చాయి కదా, అప్పుడే మా చెట్టుకూ ఆ తెగులు తగిలింది. చెట్టు తేరుకుంది. డాబా మీదికి వంగిన పెద్ద కొమ్మ మాత్రం తేరుకోలేదు. దాన్ని కొట్టడానికి ఆరున్నర వేలకు బేరం కుదిరింది. “తాడు గట్టి పసిపిల్లను దింపినట్టు దింపుతం సార్. మీరు చాయ తాగుకుంట సూస్తుండుర్రి” అన్నాడు మేస్త్రి. రంపం స్టార్ట్ చేసే ముందు తమరిని బయటికి తీశాడు. “గిది ఊకెనే సార్, ఫార్మాలిటీ.”

జిరాక్సుకు జిరాక్సు తీసిన మొహం మీది. మూడో షరతు పూర్తిగా మాసిపోయింది. దానికీ నేను సంతకం పెట్టాను.

చదివినంతలో మీకు చెయ్యెత్తి మొక్కాలి. ట్యాంకు పగిలినా, పక్కింటి రేకులు పగిలినా, కరెంటు తీగ తెగినా సంస్థకు ఎలాంటి సంబంధం లేదన్నారు. ముప్పావుగంటలో ట్యాంకు పగిలింది, పక్కింటి రేకులు పగిలాయి, కరెంటు తీగ తెగింది. అదే వరుసలో! ఉగాదికి గుడిలో వినే పంచాంగం కూడా ఇంత కచ్చితంగా ఉండదు. లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ తీగలో కరెంటు ఆపించడం) తీసుకున్నారా అని అడిగితే, అదీ యజమాని పనేనని మీలో ఆరో షరతు చూపించాడు. వేపకట్టె మాత్రం ట్రాలీ ఆటోలో వాళ్లే వేసుకుపోయారు. కట్టెతో సంబంధం ఉంది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పడే నీడ ఏ స్తంభానిదో నిలబడి చూసినవాడికి అంతుపట్టదు. మీ బాధ్యత కూడా అలాంటిదే. ట్యాంకు మీద పడటం కళ్లారా చూశాను. ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

సరే, ఇవన్నీ వదిలేస్తాను. పక్కింటి పెద్దమ్మకు రేకులు నేనే కొనిస్తాను. “సంతకం ఎందుకు పెట్టినవ్ బిడ్డా” అని ఆమె రోజుకు రెండుసార్లు అడుగుతున్నా ఓర్చుకుంటాను. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ అయిదో షరతు. “పని సమయంలో తాడు తెగి నష్టం జరిగినచో సంస్థకు ఎలాంటి సంబంధం లేదు.”

తాడు తెగితే, అట.

అయ్యా, తాడు కడితే కదా తెగేది? పని మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఆ తాడు మా వరండాలో చుట్ట చుట్టుకుని పడి ఉంది. మేస్త్రి దాని మీద కూర్చునే నా చాయ తాగాడు. కొమ్మ కొసను తాడుతో బిగించి, ఆ తాడును పై పంగలోంచి వేసి, కింద ఇద్దరు పట్టుకుని, ముక్క ముక్కగా దింపాలి. కోసేటప్పుడు ముందు కింది వైపు ఒక గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి, అప్పుడు బెరడు చీలదు. ఇది మా నాయినకు ఒక్క గొడ్డలితో తెలుసు. వీళ్లు కొమ్మ మొదలు దగ్గరే, పైనుంచి, ఒక్కటే కోత. కొమ్మ సగం తెగి, మిగతా సగం బెరడుతో సహా చీరుకుంటూ వచ్చి ట్యాంకు మీద కూలబడింది. కట్టని తాడు తెగడం గురించి షరతు రాసుకున్న మహానుభావా, కట్టకపోతే ఏమిటో రాయడానికి ఒక్క లైను దొరకలేదా? లేక అది ఆ మాసిపోయిన మూడోదా?

ఇంకొకటి. పైన రంపం పట్టుకున్న పిల్లగాడికి ఇరవై ఏళ్లుండవు. హెల్మెట్ లేదు, బెల్టు లేదు, నడుముకు తువ్వాల ఉంది. వాడు పడితే కూడా సంబంధం లేదని ఎనిమిదో షరతులో రాశావు. “మీరు” అనడం ఇక నావల్ల కాదు. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో కొమ్మకొమ్మకూ సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టుకున్న జిల్లాల్లో మనిషికి బెల్టు పెట్టడానికి నీకు చేతులు రాలేదు. వాడి ప్రాణం నా సంతకం కింద దాచిపెట్టావు.

మా బావమరిది వకీలు. నిన్ను చూసి నవ్వాడు. కూలీ నష్టపరిహారం హక్కును వదులుకున్నట్టు ఎవరు ఎంత రాయించుకున్నా 1923 నాటి చట్టం వచ్చినప్పటి నుంచీ చెల్లదట. ఇక ట్యాంకు సంగతికి, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదన్నాడు. అంటే వందేళ్లుగా చెల్లని మాటను జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నావు. నీ ధైర్యం నచ్చింది.

పొద్దున మేస్త్రి ఫోన్ చేశాడు. తాడు మరిచిపోయాడట, కొత్త తాడట, ఒక్కసారి కూడా వాడలేదట. ఆ మాట నేను నమ్ముతాను. ప్రస్తుతం దాని మీద మా ఇంట్లో బట్టలు ఆరేస్తున్నారు. వచ్చి తీసుకుపొమ్మన్నాను. వచ్చేలోపు ఒక తెల్లకాగితం తయారు చేసి పెట్టాను. “ఈ తాడుకు ఏమైనా జరిగినచో మాకు ఎలాంటి సంబంధం లేదు.” కింద సంతకానికి జాగా వదిలాను. మూడో షరతు మాత్రం ముందే మాసిపోయేలా రాశాను.

ఇట్లు,
తమరి కింద సంతకం చేసినవాడు