ఏడాది మార్చకపోతే కాపీరైట్ పోతుందా?

జనవరి రాగానే డెవలపర్ల గ్రూపుల్లో ఈ సలహా తిరుగుతుంది: “అన్ని ఫైళ్లలో కాపీరైట్ సంవత్సరం మార్చండి, లేదంటే హక్కు పోతుంది. ఒక్క సెడ్ కమాండ్ చాలు. పనిలో పనిగా పాత పేర్లు తీసేసి మీ పేరు పెట్టుకోండి.” (సెడ్ అంటే చాలా ఫైళ్లలో ఒకేసారి మాటలు మార్చే టూల్.) ఇందులో ఒక్క మాట కూడా నమ్మదగింది కాదు.

“హక్కు పోతుంది.” పోదు. బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందం ప్రకారం కోడ్ రాయగానే కాపీరైట్ వచ్చేస్తుంది. అమెరికాలో సైతం 1989 మార్చి 1 నుంచి నోటీసు (ఫైలు పైన రాసే కాపీరైట్ లైను) తప్పనిసరి కాదు. మన 1957 కాపీరైట్ చట్టం రాసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది.

“ఒక్క సెడ్ కమాండ్ చాలు.” అసలు నష్టం ఇక్కడే. 2016ను 2025గా మారిస్తే మొదట ప్రచురించిన ఏడాది చెరిగిపోతుంది. 2025లో చెప్పుకోదగ్గ మార్పు చేస్తే “2016, 2025” అని చేర్చండి. మార్పు జరిగిన ఏడాదిని ప్యాకేజీలోని అన్ని ఫైళ్లలో పెట్టమనే గ్నూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కూడా చేర్చమంటుందే తప్ప చెరపమనదు. పైగా సెడ్ వేరేవాళ్ల కోడ్ ఉంచే వెండర్ ఫోల్డర్‌లోకీ దూరి వాళ్ల నోటీసులు మార్చేస్తుంది. వాటిని అలాగే ఉంచాలన్నది ఎంఐటీ, బీఎస్‌డీ ఓపెన్ సోర్స్ లైసెన్సుల షరతు. అంటే లైసెన్సును మీరే ఉల్లంఘించినట్టు. బగ్ ఫిక్స్ కమిట్‌లోనే (గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పు) సంవత్సరం కూడా మారిస్తే, ఆ ఒక్క కమిట్‌నే పాత బ్రాంచ్‌కి చెర్రీ-పిక్ చేసి తెచ్చినప్పుడు ఆ లైను దగ్గర మార్పులు ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ రావచ్చు. ఇప్పటికే సెడ్ నడిపేసి ఉంటే ఆ మార్పులున్న కమిట్‌ను రివర్ట్ చేయండి. ఫైలు ఎప్పుడు పుట్టిందో దాని చరిత్ర చూపే గిట్ లాగ్ --ఫాలో అడుగున కనిపిస్తుంది.

ఏటా ఈ పని వద్దనుకుంటే 2023లో కర్ల్ ప్రాజెక్టు చేసినట్టు సొంత ఫైళ్లలో సంవత్సరాలే తీసేయవచ్చు.

“పాత పేర్లు తీసేయండి.” ఇది అన్యాయం కూడా. ఎవరైనా మీ ప్రాజెక్టుకు ప్యాచ్ (కోడ్ మార్పు) పంపినంత మాత్రాన దాని హక్కు మీ చేతికి రాదు. దానితోపాటు వచ్చే సైన్డ్-ఆఫ్-బై లైను, ఆ కోడ్ పంపే హక్కు తనకుందని పంపినవారు ఇచ్చే హామీ మాత్రమే. 1957 చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీకి రాత, సంతకం ఉండాలి. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగంలో భాగంగా రాసిన కోడైతే, వేరే ఒప్పందం లేకుంటే, సెక్షన్ 17 కింద తొలి యజమాని కంపెనీయే; అక్కడ మీ పేరు పెట్టడమే తప్పు.

పేర్ల జాబితా పెరిగిపోతుంటే కొత్త ఫైళ్లకు “ఫలానా ప్రాజెక్టు కంట్రిబ్యూటర్లు” అని రాయండి. ఫైలు పైన, ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో రెండే లైన్లు: ఎస్‌పీడీఎక్స్ ఫైల్‌కాపీరైట్‌టెక్స్ట్, ఎస్‌పీడీఎక్స్ లైసెన్స్ ఐడెంటిఫయర్. నోటీసు లేని ఫైళ్లను రీయూజ్ లింట్ అనే తనిఖీ టూల్ పట్టిస్తుంది. ఉన్న పేరు సరైనదో కాదో మాత్రం అది చెప్పదు, గిట్ హిస్టరీ తిరగేయాల్సిందే.